స్టేషన్ కింద మజ్జిగ

మా బిడ్డ షెకీనాకు మెట్రోలో నౌకరీ దొరికిన ఎండాకాలంలోనే నేను మెట్రో మీద కొట్లాట షురూ చేసిన. ముందు నౌకరీ వచ్చిందా, ముందు కొట్లాట మొదలైందా అనేది మా ఇంట్ల ఇప్పటికీ తేలలే. నౌకరీయే ముందు అంటడు మా ఆయన పేతురు. కొట్లాట నా కడుపులో ఎప్పటినుంచో ఉంది, బయటపడిందే అప్పుడు అంట నేను.

మా స్టేషన్ రోడ్డు నెత్తిమీద ఉంటది. కింద రెండు పక్కల మెట్లు, నడుమ లావు పిల్లర్లు. ఆ పిల్లర్ల నీడలో మా ఆడోళ్ళ బండ్లు. నాది పుచ్చకాయ ముక్కల బండి. నా పక్కన రాజ్యమక్క మజ్జిగ. అవతల రోసమ్మ పెద్దమ్మ మల్లెపూల గంప. ఇంకా జామకాయలు, మొక్కజొన్న కంకులు, క్లిప్పులు. పొద్దున ఆఫీసుకు పోయేటోళ్ళు ఉరుకుతరు, సాయంత్రం తిరిగొచ్చేటోళ్ళు ఆగుతరు. మా బేరమంతా వాళ్ళ అలసట మీదనే.

ఎండాకాలంలో సికింద్రాబాద్ గొంతు తడిపేది మేమే. గొంతెండి కూసునేది కూడ మేమే. పొద్దున ఇంట్ల ఒక గ్లాసు తాగి బయల్దేరితే మళ్ళ పొద్దుగూకి ఇల్లు చేరినంకనే. నడుమ పుక్కిలించి ఉమ్ముడు, పెదాలు తడుపుకునుడు, అంతే. ఎందుకంటే తాగితే పోవాలె. పోవాలంటే జాగ లేదు. ఇరానీ హోటలాయన మగోళ్ళకు దారి చూపిస్తడు, మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకుంటడు. చౌరస్తా దాటి పోతే ఒకటుంది. బండి విడిచి అంత దూరం పోయొస్తే నీ జాగల ఇంకొకరి బండి నిలబడి ఉంటది. ఈ నీళ్ళు తాగని విద్య ఎవ్వరూ ఎవ్వరికీ చెప్పరు. కొత్తగా వచ్చిన ఆడమనిషి పక్కదాన్ని చూసి తనే నేర్చుకుంటది.

పైన స్టేషన్‌లో మాత్రం బాత్‌రూమ్ ఉంది. తళతళ మెరుస్తదంట. గేట్లు దాటి లోపలికి పోయినోళ్ళకు.

రాజ్యమక్కది కాకినాడ దిక్కు, సముద్రం ఒడ్డు ఊరు. మొగుడు జోగారావుతో వచ్చి ఇక్కడ పడి చానా ఏండ్లయింది. ఆమె మజ్జిగ చేసే తీరే వేరు. తెల్లారకముందే తలస్నానం, బొట్టు. పెద్ద కుండ, పెద్ద కవ్వం. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి వేస్తది. ఉప్పు గుప్పిట అంచనాతో. రుచి మాత్రం చూడదు. "పదిమందికి పోసేది ఎంగిలి చెయ్యకూడదే మార్తా" అంటది. ఇంట్ల రుచి చూడదు, ఎంగిలని. బండి కాడ తాగదు, బాత్‌రూమ్ భయమని. మిగిలింది సాయంత్రం నాకు సీసాలో పోసిస్తది. మా పేతురు దాంట్ల మళ్ళ అంతకంత నీళ్ళు కలుపుకొని తాగుతడు.

"ఎలా ఉంది మార్తా?" అని మర్నాడు అడుగుతది.

"మస్తుందక్కా."

నోరున్నదాన్నని ఏరియాలో పేరు నాది. అయినా ఉత్తగ ఇచ్చిన మనిషికి ఏమని చెప్తం?

ఎండ ముదిరి పిల్లర్ల నీడ సుత కాలుతున్న రోజుల్లో, రాజ్యమక్క ఎవరికో గ్లాసు అందిస్తూ అందిస్తూనే పక్కకు ఒరిగింది. గ్లాసు కింద పడలే. అది చూసి నవ్విన నేను, కుండ మీద వాలి కునుకు తీస్తుందనుకొని. కండ్లు పైకి తిరిగినంక లేచి ఉరికిన. ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకపోయినం.

చిన్న వయసు డాక్టరమ్మ. "రోజుకెన్ని నీళ్ళు తాగుతవమ్మా?" అని అడిగింది.

రాజ్యమక్క సిగ్గుపడ్డది. "మజ్జిగమ్ముతానండి" అన్నది.

డాక్టరమ్మకు తెలియలే. నేను చెప్పిన. "అమ్ముతది మేడమ్, తాగదు. తాగితే పోనీకె జాగ లేదు మాకు."

ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నది డాక్టరమ్మ. నీళ్ళు తాగకుంటే మళ్ళ ఇక్కడికే వస్తవు, అప్పుడు సెలైన్‌తో పోదు అన్నది.

జోగారావు మంచం కాళ్ళ దగ్గర నిలబడి అంతా విన్నడు. మెత్తటి మనిషి. ఆ రోజు మెత్తగ లేడు.

"ఇంక చాల్లే రాజ్యం. యాప్రాల్లో అన్నయ్య కర్రీ పాయింటు ఉంది కదా. వంటింట్లో కూర్చుని చేసుకుందువుగాని. ఇల్లే కాబట్టి బాత్రూమూ అదీ ఉంటుంది."

"మీ వదిన చేతి కింద నేను చెయ్యను."

"మరేం చేస్తావు?"

"నా బండి దగ్గరే ఉంటాను."

"నీళ్ళు తాగకుండానా?"

ఆమె గోడ దిక్కు తిరిగి పండుకున్నది. ఆ బండి ఆమెది. పెండ్లయినంక ఆమె పేరుతో ఆమె నిలబెట్టుకున్నది అదొక్కటే. జోగారావు నా దిక్కు తిరిగిండు. "వానలు పడేదాకా చూస్తానమ్మా. ఈలోగా మీ యూనియన్ ఏం చేస్తుందో చెయ్యండి. లేదంటే బండి అమ్మేస్తాను. మనిషి కావాలి నాకు."

యూనియన్ అంటే నేనూ, ఒక జెండా. అయినా ఆయన అన్నది తప్పు కాదు.

మర్నాడే మెట్లెక్కి పైకి పోయిన. అక్కడ అద్దాల కిటికీ వెనక నా బిడ్డ. నీలం చొక్కా, మెడల ఐడీ కార్డు, జుట్టు గట్టిగ వెనక్కి దువ్వి. టికెట్ పనిచెయ్యకుంటే, కార్డు ఇరుక్కుంటే, దారి తెలవకుంటే అందరూ వచ్చేది ఆ కిటికీకే. కాంట్రాక్టు పని. కొన్నాళ్ళు చూసి నచ్చితేనే ఉంచుకుంటరు. నన్ను చూడంగనే లేచి నిలబడ్డది.

"అమ్మా, ప్లీజ్. సీన్ చెయ్యకు."

"నేను నీ దగ్గరికి రాలే. మీ పెద్ద సార్‌ను పిలువు."

స్టేషన్ చూసుకునే ఆయన పేరు ఉదయ్ భాస్కర్. నిజం చెప్పాలె, మర్యాదస్తుడు. కుర్చీ చూపిచ్చి కూర్చోండమ్మా అన్నడు.

"కూసోనీకె కింద రోడ్డుంది సార్. మాకు కావాల్సింది వేరే" అని సంగతంత చెప్పిన. దవాఖానతో సహా.

ఆయన శాంతంగ విన్నడు. "టాయిలెట్ ప్యాసింజర్ల కోసమమ్మా. గేట్ల లోపలుంది. టికెట్ లేకుండా ఎవర్ని పంపినా నన్నడుగుతారు."

"టికెట్ కొంటే?"

"కొంటే ఎవరాపుతారు? టికెట్ ఉన్న ప్రతివాళ్ళూ ప్యాసింజరే."

ఆ మాట కొంగున ముడేసుకొని దిగొచ్చిన.

ఆ రోజునుంచి ఇంట్ల నాకూ షెకీనాకూ మాటల్లేవు. కానీ మా ఇంట్ల ఒక పద్ధతుంది. అన్నానికి ముందు ముగ్గురం కూసొని ప్రార్థన చెయ్యాలె, ఒకరి తర్వాత ఒకరు, బయటికి వినపడేటట్టు. మాటల్లేని రోజుల్లో సుత అది తప్పదు.

షెకీనా కండ్లు మూసుకొని మొదలుపెట్టింది. "ప్రభువా, నాకు ఉద్యోగం ఇచ్చినందుకు థ్యాంక్స్. అది పోకుండా చూడండి. కొందరు మంచి పనే చేస్తరు ప్రభువా, కానీ అరవకుండా సుత చెయ్యొచ్చని వాళ్ళకు తెలియజేయండి."

నా వంతు. "తండ్రీ, యెరికో పట్నం గోడలు నీ జనం మెల్లగ మాట్లాడితే కూలినయా? అరిస్తేనే కదా కూలినయి. అద్దాల వెనక కూసున్నోళ్ళకు కింద కూసున్నోళ్ళు కనపడేటట్టు చెయ్యి నాయనా."

"మాకు కనపడ్తలేరని ఎవరన్నరు ప్రభువా?"

"కనపడితే ఏం చేసిన్రు తండ్రీ?"

"ఆమెన్!" అన్నడు పేతురు, పక్క వాకిలి దాకా వినపడేటట్టు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సుత్తెల మోతలో బతికిన మనిషి, మెల్లగ మాట్లాడుడు రాదు. "ఇద్దరూ దేవుడి చెవులు కొరుకుడు బంద్ చేసి ఎదురెదురు మాట్లాడుకోండి. పప్పు చల్లారుతుంది."

పప్పు తిన్నం. మాట్లాడుకోలే.

అయితే ఒక మాట మాత్రం ఇచ్చిన షెకీనాకు. నీ గేటు దాటి లోపలికి అడుగు పెట్ట, అక్కడ నీ పేరు ఎత్త అని. అది తలూపింది.

రాజ్యమక్క లేచి మళ్ళ బండి కాడికి వచ్చినంక పిల్లర్ కింద మీటింగు పెట్టిన. ఆడోళ్ళందరూ వచ్చిన్రు.

"టికెట్ ఉన్న ప్రతివాళ్ళూ ప్యాసింజరే అన్నడు సార్. మంచిది. మనం సుత ప్యాసింజర్లయితం. పక్క స్టేషన్‌కు ఒక్కో టికెట్ తీసుకోండి. సాయంత్రం ఆఫీసులు విడిచే టైముకు అందరం ఒక్కసారి లోపలికి పోయి బాత్‌రూమ్ కాడ లైన్ కట్టాలె. తొందరేం లేదు, మెల్లగ పోండి, మెల్లగ రాండి. లైను ప్లాట్‌ఫారమ్ దాకా రావాలె. వెనకున్నోళ్ళు గరమైతరు, సార్ ఉరికొస్తడు, అప్పుడు మాట్లాడుదాం. నేను గేటు బయట నిలబడి నినాదం ఇస్తా. 'కావాలి కావాలి' అని నేనంటే, లోపల్నుంచి 'బాత్‌రూమ్ కావాలి' అని మీరనాలె."

"అరవాలా? పైన అంతమందిలోనా?" అన్నది రాజ్యమక్క.

"అరవాలె అక్కా. ఇంకొకటి, ట్రైన్ మాత్రం ఎక్కొద్దు."

"మేమెందుకెక్కుతం బిడ్డా? మాకేం పని దాంట్ల" అన్నది రోసమ్మ పెద్దమ్మ.

అనుకున్న రోజు వచ్చింది. వచ్చినోళ్ళను చూసి నా తల తిరిగింది. రాజ్యమక్క జరీ అంచు చీర కట్టింది. జామకాయలామె పౌడర్ కొట్టుకొని వచ్చింది. రోసమ్మ పెద్దమ్మ చర్చికి కట్టే తెల్లచీరల ఉంది. ఆమె పూలమ్ముతది గాని తల్ల పెట్టదు, మా చర్చోళ్ళల్ల చానామంది పెట్టరు. ఆ రోజు మాత్రం అందరి తలల్ల తనే మల్లెలు తురుముతుంది.

"ధర్నాకొచ్చిన్రా, పెండ్లికొచ్చిన్రా?" అన్న.

"మెట్రో స్టేషన్‌కి పాత చీరతో ఎలా వెళ్తామే?" అన్నది రాజ్యమక్క.

ఏండ్లకేండ్లు ఆ స్టేషన్ కింద కూసున్నరు. ఒక్కరు సుత ఎప్పుడూ గేటు దాటలే. అది నేను లెక్కలోకి తీసుకోలే. ధర్నా ఎట్ల చెయ్యాలె, పర్మిషన్ ఎట్ల అడగాలె, ఎస్సైతో ఎట్ల మాట్లాడాలె, అన్నీ పుచ్చకాయ కింద పరిచే పేపర్లు చదివి నేర్చుకున్న. ఇదొక్కటి ఏ పేపర్ల రాయలే.

బండ్లన్నిటికి పేతురును కాపలా పెట్టి పైకి పోయినం. కదిలే మెట్ల కాడ చానాసేపు పోయింది. రోసమ్మ పెద్దమ్మ ఒక కాలు పెట్టి, తీసి, ప్రార్థన చేసి, మళ్ళ పెట్టింది. టికెట్లు తీసుకున్నరు. టికెట్ మీది గళ్ళబొమ్మ మిషన్‌కు చూపిస్తే రెక్కలు తెరుచుకొని, ఒక్కొక్కరు చిన్నపిల్లల తీరు నవ్వుకుంట లోపలికి పోయిన్రు. నేను బయట ఆగిన. పుచ్చకాయల డబ్బా అట్ట మీద రాసుకొచ్చిన బోర్డు ఎత్తి పట్టుకున్న.

"కావాలి కావాలి!"

లోపల్నుంచి ఏం రాలే. ఇంకా లైన్ల సర్దుకుంటున్నరనుకున్న.

"కావాలి కావాలి!"

పోయేటోళ్ళు నా మొహం చూసి, అట్ట చూసి పోతున్నరు. కొందరు ఫోన్ల వీడియో తీసిన్రు. పైన ట్రైన్ వచ్చి పోయిన చప్పుడైంది. నేను ఇంకా గట్టిగ అరిచిన. గొంతు జీరపోయింది.

గేటు కాడి సెక్యూరిటీ పిల్ల జాలిగ చూసింది. "ఆంటీ, మీవాళ్ళు ట్రైనెక్కిన్రు."

"ఎవరు?"

"అందరు."

బోర్డు దించిన. నా యూనియన్ మొత్తం అమీర్‌పేట దిక్కు పోతుంది, నేను ఒక్కదాన్ని అట్టముక్క పట్టుకొని నిలబడ్డ. ఎన్ని ధర్నాలు చేసిన! లాఠీలు చూసిన, పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూసున్న. ఇట్లాంటి అవమానం ఎన్నడు కాలే.

షెకీనా కిటికీ వెనకనుంచి లేచొచ్చింది. చేతిలో నీళ్ళ సీసా. అన్ని రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"తాగమ్మా. గొంతు పోయింది నీకు."

"వద్దు."

"కోపం తర్వాత చేద్దువు. తాగు."

"కోపం కాదే. తాగితే యాడికి పోవాలె? నీ గేటు దాటనని మాటిచ్చిన కదా."

అది సీసా దిక్కు చూసింది. మూత మెల్లగ బిగించింది. మళ్ళ పోయి కిటికీ వెనక కూసున్నది.

లోపలేమైందో తర్వాత రాజ్యమక్క చెప్పింది. లైన్ కట్టిన్రంట, నిజమే. అందరూ బాత్‌రూమ్‌కు పోయొచ్చి, సబ్బుతో మొహాలు కడుక్కున్నరంట. ప్రాణం హాయిగ ఉందంట. ప్లాట్‌ఫారమ్ ఎట్లుందో చూద్దామని పైకెక్కిన్రంట, అప్పుడే ట్రైన్ వచ్చి ఎదురుంగ ఆగింది. "తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయే! లోపల్నించి చల్లగాలి మొహానికి కొట్టింది. ఆడాళ్ళ పెట్టే. ఏం చెయ్యమంటావు?" పక్క స్టేషన్‌ల దిగుదామనే ఎక్కిన్రంట. కిటికీలకెళ్ళి పరేడ్ గ్రౌండ్ కనపడ్డది. ఇంకొంచెం పోతే బేగంపేట ఏర్‌పోర్టు ఉందని ఎవరో అన్నరు. విమానం కనపడ్తదేమోనని కూసున్నరు. విమానం రాలే. అమీర్‌పేట వచ్చింది. మెట్లు దిగి ఎక్కి అవతలి ప్లాట్‌ఫారమ్ మీద తిరుగు ట్రైన్ పట్టుకున్నరు.

"మార్తా, పైనుంచి మన పిల్లరు చూశానే. నా కుండ మీద తెల్లగుడ్డ కనపడింది. ఎంత చిన్నదో!"

వాళ్ళు తిరిగొచ్చేసరికి స్టేషన్ కిక్కిరిసింది. ట్రైన్ దిగిన జనమంత గేట్ల మీద పడ్డరు. ముందు వరసల నా ఆడోళ్ళు. రాజ్యమక్క టికెట్ మిషన్‌కు చూపిచ్చింది. ఎర్రలైటు. మళ్ళ చూపిచ్చింది. ఎర్రలైటే. పక్క గేటుల జామకాయలామె, దాని పక్కన రోసమ్మ పెద్దమ్మ, అన్ని గేట్లల్ల ఎర్రలైట్లే, ఠీ ఠీ అని ఒకటే మోత. పక్క స్టేషన్‌కు తీసుకున్న టికెట్‌తో ఊరంత తిరిగి ఎక్కిన చోటే దిగుతానంటే ఏ మిషన్ ఒప్పుకుంటది? వెనక జనం ఆగిపోయిన్రు. వాళ్ళ వెనక ఇంకో ట్రైన్ జనం.

నేను పెట్టిన ధర్నా ఫెయిలైంది. నేను పెట్టనిది మొదలైంది.

"ఏందమ్మా, జరగండి!" "దారి విడువు జెర!" అని వెనకనుంచి కేకలు. రాజ్యమక్కకు చెమటలు. అటు తిరిగి చేతులు జోడించింది. "క్షమించండి బాబూ, తెలీక..."

"మజ్జిగ ఆంటీ!" అన్నదొక ఆమె. యామిని ఆమె పేరు, బ్యాంకుల పనిచేస్తది, రోజూ సాయంత్రం రాజ్యమక్క దగ్గర ఆగందే ఇంటికి పోదు. "మీరేంటి ఇక్కడ? ఎటు వెళ్ళొస్తున్నారు?"

రాజ్యమక్క తల దించుకున్నది. "ఎటూ లేదమ్మా. బాత్రూమ్‌కని వచ్చాం. కింద లేదు కదా. తర్వాత ట్రైనెక్కేశాం."

"లేదా? మరి రోజంతా ఏం చేస్తారు?"

"నీళ్ళు తాగం."

ఆ మాట రాజ్యమక్క ఎట్లన్నదంటే, ఉప్పు డబ్బా యాడుందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. యామినమ్మ చుట్టూ నిలబడ్డ కొందరు కేకలు ఆపిన్రు. వాళ్ళల్ల సగంమంది మా గిరాకీలే. మొన్న కిందపడ్డ మనిషి ఈమేనని ఎవరో అన్నరు.

ఉదయ్ భాస్కర్ సార్ ఉరికొచ్చిండు. "టైము దాటింది, ఇది ఎక్స్‌ట్రా అమౌంట్ కేసు, ఒక్కొక్కరు కౌంటర్ దగ్గరికి..." అంటున్నడు. నేను గేటు బయట నోరు తెరిచిన. గొంతులకెళ్ళి గాలి వచ్చింది, మాట రాలే. ఇన్నేండ్లు నాకు అన్నం పెట్టినంత పనిచేసిన గొంతు, అసలు టైముకు పోయింది.

షెకీనా కిటికీ పక్క తలుపు తీసుకొని వచ్చింది. టికెట్ పనిచెయ్యట్లేదని ఎవరన్నా అంటే ఎట్ల మాట్లాడ్తదో అట్లనే మాట్లాడింది, అంత మెల్లగ.

"సార్, వీళ్ళు తిరగనీకె రాలేదు. కింద మెట్ల వెనక రూముంది కదా సార్, మనం బారికేడ్లు పెట్టినం. అది లేడీస్ టాయిలెట్టే. గేట్ల బయట. తాళం మన దగ్గరే ఉంది."

గేట్లు ఇంకా ఠీ ఠీ అంటున్నయి.

ఉదయ్ భాస్కర్ సార్ కళ్ళద్దాలు తీసి తుడిచిండు. మళ్ళ పెట్టుకున్నడు. "వెడల్పు గేటు తియ్యమ్మా" అన్నడు.

షెకీనా తీసింది. నా ఆడోళ్ళు బయటికి వచ్చిన్రు. వాళ్ళ వెనక యామినమ్మ వచ్చి సార్ ముందల ఆగింది. "ఏ రూమండీ అది? రేపు చూపిస్తారా? రేపు కాకపోతే ఎల్లుండి అడుగుతాను. నేను రోజూ ఇదే గేటు."

ఆ రోజు ప్రార్థన కాడ నాకు గొంతు లేదు, షెకీనాకు మాట లేదు. పేతురే రెండు మాటలు అని ముగించిండు. అన్నం తింటుంటే నేను గుసగుసగ అడిగిన.

"ఆ రూము సంగతి నీకెప్పటినుంచి తెలుసు?"

"చేరిన కొత్తల. బారికేడ్ తెమ్మంటే పోయిన. లోపల సింకు ఉంది, కమోడ్ ఉంది, మీద ప్లాస్టిక్ కవరు సుత తియ్యలే. సార్‌ను ఒంటరిగ ఉన్నప్పుడు రెండుసార్లు అడిగిన. చూద్దామన్నడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు తాళం పగలగొడ్తవు."

"అవు, పగలగొడ్త."

"అందుకే."

పేతురుకు నా గుసగుస వినపడలే గాని షెకీనా నవ్వింది వినపడ్డది. పప్పు గిన్నె మా ఇద్దరి నడుమకు జరిపిండు.

దాన్ని నౌకరీల నుంచి తీసేస్తరని కొన్ని దినాలు నా పానం పానంల లేదు. తియ్యలే. పొద్దుగాల డ్యూటీ వేసిన్రు, అంతే. ఉదయ్ భాస్కర్ సార్ పైవాళ్ళతో ఏం మాట్లాడిండో నాకు తెల్వదు. ఒకనాడు బారికేడ్లు బయటికొచ్చినయి. ప్లంబర్ వచ్చిండు. సార్ నన్ను పిలిచి, "తెరుస్తామమ్మా. కానీ మెయింటెనెన్స్‌కి మనిషి లేరు. మీరే వాడుకుంటారు కాబట్టి వంతులవారీగా మీరే శుభ్రం చేసుకుంటే..." అన్నడు.

నా గొంతు అప్పటికి తిరిగొచ్చింది.

"పైన వాడుకునేటోళ్ళు వంతులేసుకొని కడుగుతున్నరా సార్?"

ఆయన నా మొహం చూసిండు. కిటికీ వెనక షెకీనా కంప్యూటర్ల తల పెట్టి నవ్వాపుకుంటుంది. సార్ పైన కడిగే హౌస్‌కీపింగ్‌వాళ్ళకే కింద రూము సుత అప్పజెప్పిండు.

మొదటి వాన ఇంకా పడలే. మబ్బు పట్టి గాలి తిరిగిన పొద్దు తలుపు తీసిన్రు. అందరికంటే ముందు జోగారావు వచ్చిండు. ఆడోళ్ళది కదయ్యా అంటే వినలే. నల్లా తిప్పిండు, బకెట్ చూసిండు, లోపల్నుంచి గొళ్ళెం పెట్టి లాగిండు. బయటికొచ్చి పెండ్లాం దిక్కు చూసి, "సరే" అన్నడు. యాప్రాల్ మాట ఎత్తలే. స్కూటర్ స్టార్ట్ చేసుకొని పోయిండు.

రాజ్యమక్క లోపలికి పోయొచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంట బండి కాడికి వచ్చి, కుండ మీది తెల్లగుడ్డ తీసి, అందరికంటే పెద్ద గ్లాసు ఏరి, నిండ ముంచుకున్నది. మేమంత బేరాలు ఆపి చూస్తున్నం. ఒక పెద్ద గుక్క తాగింది. ఆగింది. గ్లాసులోకి చూసింది.

"మార్తా."

"ఏందక్కా?"

"ఇదేవిటే, ఇంత ఉప్పుగా ఉందీ?"

రోసమ్మ పెద్దమ్మ పూల గంప మీదికి వంగి మొహం దాచుకున్నది.

"ఇవాళ చెయ్యి జారిందంటావా?"

"లేదక్కా. ఎప్పుడూ గిట్లనే ఉంటది."

"ఎప్పుడూ అంటే?"

"నువ్వు బండి పెట్టినప్పటి సంది."

ఆమె నా దిక్కు చూసిన చూపు! "ఓసి నీ నోరు పడిపోనూ! మెట్రోవాళ్ళ మీదికి లేస్తావు, పోలీసుల మీదికి లేస్తావు, ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

నేను పుచ్చకాయ కోసుకుంట కూసున్న.

రాజ్యమక్క కోపంగ బిందెడు నీళ్ళు తెచ్చి కుండలో కుమ్మరించి కవ్వంతో గిలకొట్టింది. సాయంత్రం యామినమ్మ మెట్లు దిగొచ్చి చెయ్యి చాపింది. గ్లాసు అందుకొని తాగింది. మొహం అదోలా పెట్టింది.

"ఆంటీ, ఏమైంది ఇవాళ? ఉప్పు తక్కువైంది."

రాజ్యమక్క నన్ను చూసింది. పొద్దున ముంచుకున్న గ్లాసు, ఆ పాత ఉప్పు మజ్జిగ, బండి మీద సగం అట్లనే ఉంది. తీసి గటగట తాగేసింది. మూతి తుడుచుకొని, కుండలోకి వంగి, ఇంకో గ్లాసు ముంచుకున్నది.